చాచా కాగితాలు, రెండు క్యాలెండర్లు, ఒక ఇంపోర్ట్ లైను

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ ఉంది, హైదరాబాద్ చరిత్ర ఉంది, మధ్యలో నా పరువు పోయిన కథ కూడా ఉంది. కోడింగ్ రాదని స్కిప్ కొట్టకండి. ఫోన్‌లో కాంటాక్ట్ సేవ్ చేయడం వస్తే చాలు, మిగతాది నేను చెప్తా.

ముందు మీ కాంటాక్ట్స్ ఓపెన్ చేయండి. మా గల్లీలో అహ్మద్ అనే పేరుతో నాకు తెలిసినవాళ్లు నలుగురు. నా ఫోన్‌లో వాళ్లు 'అహ్మద్ ఫ్రిజ్', 'అహ్మద్ ఇస్త్రీ', 'అహ్మద్ టెన్త్ క్లాస్', 'అహ్మద్ శాలిబండ'. ఒట్టి 'అహ్మద్' అని సేవ్ చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఫ్రిజ్ చెడిపోతే టెన్త్ క్లాస్ దోస్తుకి ఫోన్ పోతుంది. ఈ పనినే ప్రోగ్రామింగ్‌లో నేమ్‌స్పేస్ అంటారు. పేరు ఒకటే ఉండొచ్చు, అది ఏ గుంపులో పేరో చెప్పాలి.

మన తెలుగువాళ్లకి ఇది కొత్తేం కాదు. మనకి ఇంటిపేరు ఉంది. అది కూడా పేరుకి ముందు రాస్తాం. ఊళ్లో పది మంది శ్రీనివాసులు ఉన్నా, ఇంటిపేరు చెప్పగానే ఎవరో తేలిపోతుంది. పైథాన్‌లో ముందు మాడ్యూల్ పేరు, చుక్క, తర్వాత ఫంక్షన్ పేరు రాస్తాం చూడండి, అచ్చం ఆ వరసే.

సరే, కథలోకి వస్తా.

మా ఇంటి వెనక గల్లీలో ఒక చాచా ఉంటారు. రిటైర్డ్ టీచర్. పేరు చెప్పను. నేను చిన్నప్పుడు లెక్కలు ఆయన దగ్గరే నేర్చుకున్నా. వాళ్లింట్లో ఒక రేకు పెట్టె నిండా పాత కాగితాలు. ఇంటి కాగితాలు, రసీదులు, నిఖానామాలు, అన్నీ ఉర్దూలో. కొన్ని కాగితాలు మడత దగ్గర చిరిగిపోతున్నాయి. "బేటా, నువ్వు కంప్యూటర్ వాడివి కదా, వీటిని ఒక వరసలో పెట్టి ఇస్తావా" అన్నారు. ఆయన చదువుతారు, నేను టైప్ చేస్తా, ప్రోగ్రామ్ తేదీల ప్రకారం సర్దుతుంది. అదీ ప్లాన్.

దీని వెనక ఒక గొడవ ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆ ఇల్లు చాచా వాళ్ల తాతది. ఆ తాత తన చెల్లెలికి పై రెండు గదులు హిబా, అంటే దానంగా, రాసిచ్చాడని ఒక కాగితం. అదే తాత మొత్తం ఇల్లు తన తమ్ముడికి అమ్మేశాడని ఇంకో కాగితం. చాచా ఆ తమ్ముడి వైపు మనిషి. చెల్లెలి మనవలు పక్క మొహల్లాలో ఉంటారు. ప్రశ్న ఒక్కటే: ఏది ముందు? అమ్మకం ముందైతే, తనది కాని ఇంట్లో గదుల్ని దానం చేసినట్టు, ఆ హిబాకి విలువ లేదు. హిబా ముందైతే, ఆ రెండు గదులు అమ్మే హక్కే ఆయనకి లేదు.

హిబా కాగితం మీద సంవత్సరం 1352. అమ్మకం కాగితం మీద 1350.

చిన్నపిల్లాడైనా చెప్తాడు, 1350 ముందు కదా అని. ఇక్కడే ఆగండి.

ఆ రెండు నంబర్లు ఒకే క్యాలెండర్‌వి కావు. హిబా కాగితం మీదిది హిజ్రీ సంవత్సరం. అమ్మకం కాగితం మీదిది ఫసలీ. నిజాం కాలం కాగితాల్లో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి. మతానికి, కుటుంబానికి సంబంధించిన వాటికి ఎక్కువగా హిజ్రీ. సర్కారు పనికి, శిస్తుకి, ఉద్యోగాలకి ఫసలీ.

ఫసల్ అంటే పంట. హిజ్రీ చంద్రుడి లెక్క. ఏడాదికి 354 రోజులు, కొన్నిసార్లు 355. సూర్యుడి ఏడాది కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే రంజాన్ ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి చలికాలంలో వస్తుంది. పండక్కి ఇది ఇబ్బంది కాదు. శిస్తుకి మాత్రం పెద్ద ఇబ్బంది. పంట సూర్యుడి లెక్కన చేతికొస్తుంది, శిస్తు చంద్రుడి లెక్కన అడిగితే, దాదాపు 33 ఏళ్లకోసారి రైతు ఒక పంట లేకుండానే ఒక ఏడాది శిస్తు కట్టాలి. అందుకే అక్బర్ కాలంలో మొఘలులు పంట ఏడాది పెట్టారు. దక్కన్‌లో దాన్ని షాజహాన్ 1636లో మొదలుపెట్టించాడు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కొత్త లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి నుంచి మొదలుపెట్టలేదు. అప్పుడు నడుస్తున్న హిజ్రీ నంబరే, 1046, తీసుకుని అక్కడి నుంచి సూర్యుడి లెక్కన నడిపారు. అంటే ఆ ఏడాది హిజ్రీ, ఫసలీ రెండూ ఒకటే నంబరు. తర్వాత హిజ్రీ కొంచెం వేగంగా పరిగెత్తింది. మూడొందల ఏళ్లలో తొమ్మిదేళ్లు ముందుకెళ్లిపోయింది. 1940లో హిజ్రీ 1359 నడుస్తుంటే ఫసలీ 1350 వచ్చింది. మన వాళ్లు ఒక సాఫ్ట్‌వేర్‌ని కాపీ చేసి వేరేగా డెవలప్ చేస్తే ఫోర్క్ అంటారు. ఇది పదిహేడో శతాబ్దపు ఫోర్క్.

ఇంకా ఉంది. ఉత్తరాదిలో ఫసలీ వేరు, దక్కన్ ఫసలీ వేరు. రెండింటికీ రెండు మూడేళ్ల తేడా. దక్కన్ ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, ఉత్తరాది దానికి 592 లేదా 593 కలపాలి. ఏడాది ఎప్పుడు మొదలవుతుందో అది కూడా వేరు. నిజాం రాజ్యంలో ఆజూర్ నెలతో, అక్టోబర్ మొదటి వారంలో మొదలు. బ్రిటిష్ మద్రాసు ప్రెసిడెన్సీలో 1855 నుంచి జూలై 1. ఇప్పుడు మన రెవెన్యూ ఆఫీసుల్లో నడిచేది ఈ జూలైదే. మీ ఇంట్లో పహాణీ ఉంటే చూడండి, ఫసలీ అని ఒక గడి ఉంటుంది. 1433 ఫసలీ అంటే 2023 జూలై నుంచి 2024 జూన్ దాకా. నాలుగు వందల ఏళ్ల కిందటి లెక్క మీ ఫోన్‌లో పీడీఎఫ్‌గా ఉంది.

సో, 'ఫసలీ 1350' అన్నా కూడా పూర్తి పేరు కాదు. ఎక్కడి ఫసలీ అని అడగాలి.

ఇప్పుడు నా ఘనకార్యం. మొదటి వారం చాచా చదివినవన్నీ హిజ్రీ కాగితాలే. ఒక ఫైల్ రాశా, దాని పేరు హిజ్రీ. అందులో ఒక ఫంక్షన్, పేరు కన్వర్ట్. హిజ్రీ సంవత్సరం ఇస్తే ఇంగ్లిష్ సంవత్సరం ఇస్తుంది. మెయిన్ ప్రోగ్రామ్‌లో పైన 'ఫ్రమ్ హిజ్రీ ఇంపోర్ట్ స్టార్' అని రాశా. స్టార్ అంటే ఆ ఫైల్‌లో ఉన్న పేర్లన్నీ ఇటు తెచ్చెయ్ అని. బాగానే నడిచింది.

రెండో వారం ఫసలీ కాగితాలు బయటపడ్డాయి. నేనేం చేశా? బద్ధకం. హిజ్రీ ఫైల్‌ని కాపీ చేసి ఫసలీ అని పేరు పెట్టి, లోపల లెక్క మార్చా. ఫంక్షన్ పేరు మార్చలేదు. అదీ కన్వర్టే. మెయిన్ ప్రోగ్రామ్‌లో రెండో లైన్: 'ఫ్రమ్ ఫసలీ ఇంపోర్ట్ స్టార్'. ఫసలీ కాగితాలు నాలుగైదు చెక్ చేశా, అన్నీ కరెక్ట్. పాతవి మళ్లీ చూడలేదు. మొదటి వారం కరెక్టే వచ్చాయి కదా, మళ్లీ ఎందుకు?

కానీ పైథాన్ ఏం చేసిందంటే, రెండో లైన్ రాగానే కన్వర్ట్ అనే పేరుని మొదటి ఫంక్షన్ దగ్గర నుంచి తీసి రెండోదానికి అంటించింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పైథాన్‌కి అది తప్పు కాదు. ఒక పేరుకి కొత్త అర్థం ఇవ్వడం దానికి మామూలు పని. అప్పటి నుంచి హిజ్రీ కాగితాలన్నీ ఫసలీ లెక్కలోనే మారుతున్నాయి. 1352కి 590 కలిపి 1942 అని వచ్చింది. అమ్మకం 1940, హిబా 1942. టేబుల్ ప్రింట్ తీసి చాచా చేతికిచ్చా.

ఆ ప్రింట్ పట్టుకుని వాళ్లబ్బాయి పక్క మొహల్లాకి పోయాడు. మా వాడు కంప్యూటర్‌లో తేల్చాడు, మీ కాగితం తర్వాతది, చెల్లదు అని. అక్కడి పెద్దావిడ, అందరూ ఫుప్పీ అంటారు, మా అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు అని ఒకటే మాట అన్నదట. రెండు వారాలు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఒక పెళ్లికి కూడా పిలుచుకోలేదు. ఇదంతా నాకు తెలియదు, నేను ఇంట్లో బిర్యానీ తింటూ కూర్చున్నా.

మూడో వారం చాచా నా టేబుల్ ముందు పెట్టుకుని, కళ్లజోడు తీసి, "మహీనా కిధర్ గయా బేటా?" అన్నారు. నెల ఎటు పోయింది అని.

నెల నేనే తీసేశా. టైప్ చేసేటప్పుడు సంవత్సరం ఒక్కటే వేశా, సర్దడానికి అది చాలు అనుకున్నా. అసలు కాగితం మీద హిబాకి రజబ్ అని ఉంది. రజబ్ హిజ్రీ నెల. అమ్మకం కాగితం మీద దై అని ఉంది. దై ఫసలీ నెల. ఆజూర్ తర్వాత వచ్చేది, పారసీ పేరు. రాసిన మున్షీ క్యాలెండర్ పేరు విడిగా రాయనక్కర్లేదు, నెల పేరే చెప్పేస్తుంది. అంటే వందేళ్ల కిందటి గుమాస్తా తన పేర్లని సరిగ్గా కట్టి పెట్టాడు, కంప్యూటర్ వాడిని నేను ఆ ముడి విప్పి పారేశా. రజబ్ 1352 అంటే 1933 అక్టోబర్, నవంబర్. దై 1350 అంటే 1940 నవంబర్, డిసెంబర్. హిబా ముందు. ఏడేళ్లు ముందు.

ఆ రోజు రాత్రి నిద్ర పట్టక, ఈ తప్పు నేనొక్కడినే చేశానా అని చూడటం మొదలుపెట్టా. కాదు. కంప్యూటర్ భాషల చరిత్రలో సగం ఈ గొడవే.

మొదట్లో పేర్లకి చోటే తక్కువ. ఫోర్ట్రాన్ 1957లో వచ్చింది, అందులో పేరుకి ఆరు అక్షరాలే. సీ భాషకి 1989లో స్టాండర్డ్ రాసినప్పుడు కూడా, ఫైళ్ల మధ్య పంచుకునే పేర్లలో మొదటి ఆరు అక్షరాలకే గ్యారంటీ. సీలో అన్ని ఫంక్షన్లూ ఒకే మైదానంలో ఉంటాయి. అందుకే ఇప్పటికీ సీ లైబ్రరీలు ప్రతి పేరు ముందు తోక తగిలిస్తాయి. మీ ఫోన్‌లో చాలా యాప్‌లు డేటా దాచుకునేది ఎస్‌క్యూలైట్‌లో. దాని ఫంక్షన్లన్నీ 'ఎస్‌క్యూలైట్3' అండర్‌స్కోర్ అని మొదలవుతాయి. అదే 'అహ్మద్ ఫ్రిజ్' పద్ధతి.

దీన్ని భాషలోనే పెట్టినవాళ్లలో నిక్లౌస్ విర్త్ ముఖ్యుడు. స్విట్జర్లాండ్ ఆయన, జూరిక్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. 1970ల చివర ఆయన చేసిన మాడ్యులా-2లో ఏ మాడ్యూల్ నుంచి ఏ పేరు కావాలో పైనే రాయాలి. ఫ్రమ్ ఫలానా ఇంపోర్ట్ ఫలానా. 1991లో పైథాన్ వచ్చినప్పుడు మాడ్యూళ్లు మొదటి నుంచీ ఉన్నాయి. తెచ్చుకున్న దానికి మారుపేరు పెట్టుకునే 'యాజ్' అనే సౌకర్యం మాత్రం 2000లో, 2.0లో వచ్చింది. పైథాన్ తత్వం అని టిమ్ పీటర్స్ రాసిన చిన్న లిస్టు ఒకటి ఉంది, దాని చివరి వాక్యం నేమ్‌స్పేస్‌లు ఎంత గొప్పవో చెప్పడానికే. నేను దాన్ని క్లాసులో పిల్లలకి చదివి వినిపించినవాణ్ణే, అదీ నా పరిస్థితి.

పీహెచ్‌పీ కథ ఇంకోలా ఉంటుంది. దానికి నేమ్‌స్పేస్‌లు 2009లో, 5.3లో వచ్చాయి. క్లాసులని ఇంపోర్ట్ చేసుకోవచ్చు, ఫంక్షన్లని విడిగా ఇంపోర్ట్ చేయడానికి మాత్రం 2014 దాకా, 5.6 దాకా ఆగాలి. ఐదేళ్లు. పైగా మీ నేమ్‌స్పేస్‌లో ఫంక్షన్ దొరక్కపోతే అది చప్పుడు చేయకుండా బయటి మైదానంలో వెతుకుతుంది. నాకు ఆ చప్పుడు చేయకపోవడం అంటేనే భయం ఇప్పుడు.

జావా ఈ విషయంలో కచ్చితంగా ఉంటుంది. 1996లో వచ్చిన జావాలో స్క్రీన్ మీద చూపించే ఒక లిస్ట్ ఉంది, ఏడబ్ల్యూటీ ప్యాకేజీలో. 1998 చివర 1.2 వచ్చినప్పుడు యుటిల్ ప్యాకేజీలో ఇంకో లిస్ట్ చేర్చారు. రెండు ప్యాకేజీలనీ స్టార్‌తో తెచ్చుకుని లిస్ట్ అనే పేరు వాడిన పాత ప్రోగ్రామ్‌లు కంపైల్ కావడం ఆగిపోయాయి. ఏ లిస్ట్ అడుగుతున్నావో నాకు తెలియడం లేదు అని జావా మొండికేసింది. అప్పుడు చాలామంది తిట్టుకుని ఉంటారు. నాకైతే ఆ మొండితనం ముద్దొచ్చింది. నా పైథాన్ అలా ఒక్క మాట అడిగి ఉంటే ఫుప్పీ ఇంటికి ఆ ప్రింట్ వెళ్లేది కాదు.

మీరు పుట్టాక జరిగినవి కూడా చెప్తా. 2018లో జావాస్క్రిప్ట్‌కి ఫ్లాటెన్ అనే కొత్త ఫంక్షన్ చేర్చాలనుకున్నారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ ఎప్పుడో అదే పేరుతో తన ఫంక్షన్‌ని అక్కడే తగిలించి ఉంది. పేరు చేరిస్తే పాత వెబ్‌సైట్లు పగులుతాయని, చివరికి ఫ్లాట్ అని మార్చారు. ఒక పాత లైబ్రరీ కోసం ప్రపంచం మొత్తం వాడే భాష పేరు మార్చుకుంది.

2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సన్ అనే సెక్యూరిటీ రీసెర్చర్ ఇంకా భయంకరమైనది చూపించాడు. పెద్ద కంపెనీలు లోపల వాడుకునే ప్యాకేజీల పేర్లు పట్టుకుని, అవే పేర్లతో, పెద్ద వెర్షన్ నంబర్‌తో బయట పబ్లిక్‌లో పెట్టాడు. కంపెనీల సిస్టమ్‌లు తమ సొంతది వదిలేసి బయటిది తెచ్చుకున్నాయి. ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్‌తో సహా 35కి పైగా కంపెనీలు. ఆయన మంచివాడు కాబట్టి చెప్పి బహుమతి తీసుకున్నాడు. ఇంపోర్ట్ అనేది ఏ గుమ్మం నుంచి వస్తోందో అడగకపోతే ఇంట్లోకి ఎవరైనా వస్తారు.

మన హైదరాబాద్ పేరే చూడండి. సింధ్‌లో ఇంకో హైదరాబాద్ ఉంది, 1768లో కట్టింది. అందుకే మనది 'హైదరాబాద్ దక్కన్', నాంపల్లి స్టేషన్ పేరులో ఇప్పటికీ ఆ దక్కన్ ఉంది. విమానాల కోడ్‌లో మనది హెచ్‌వైడీ, వాళ్లది హెచ్‌డీడీ. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ తెరిచినప్పుడు హెచ్‌వైడీ అక్కడికి వెళ్లింది, బేగంపేటకి బీపీఎం ఇచ్చారు. పేరు అదే, వెనక పని చేసేది మారింది. మా పాతబస్తీ ఇంటి నంబర్లు కూడా అంతే: దారుల్‌షిఫా దిక్కు 22-8 తో మొదలవుతాయి, ముందు వార్డు, తర్వాత బ్లాకు, చివర ఇల్లు. చివరి నంబర్ ఒక్కటే చెప్తే డెలివరీ అబ్బాయి చార్మినార్ చుట్టూ తిరుగుతూనే ఉంటాడు.

చాచా పెట్టెలో ఇంకో ఉచ్చు కూడా ఉంది, దాంట్లో మాత్రం నేను పడలేదు. అమ్మకం కాగితం మీద ధర 1,400 రూపాయలు. ఏ రూపాయలు? నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్లు, మిషన్ మీద కొట్టింది అని. సుమారుగా ఏడు హాలీలు ఆరు కల్దార్లకి సమానం. అందుకే పాత లెక్కల్లో అంకె ముందు ఓ.ఎస్. అనో ఐ.జి. అనో రాసేవాళ్లు, ఉస్మానియా సిక్కానా, ఇండియా సర్కారుదా అని. ఆ 1,400 హాలీ అయితే 1,200 కల్దార్. హైదరాబాద్ భారత్‌లో కలిశాక కూడా ఈ హాలీ 1959 దాకా చలామణిలో ఉంది. అంటే ఒకే బజారులో, ఒకే మాట, రెండు విలువలు. మీర్ ఆలం మండీలో కూరగాయలమ్మే ఆవిడ కూడా ఆ తేడా మనసులోనే లెక్కేసుకుని ఉంటుంది.

నేను ప్రోగ్రామ్ మార్చా. రెండు స్టార్లూ తీసేశా. 'ఇంపోర్ట్ హిజ్రీ', 'ఇంపోర్ట్ ఫసలీ', అంతే. ఇప్పుడు ప్రతి చోటా హిజ్రీ చుక్క కన్వర్ట్, ఫసలీ చుక్క కన్వర్ట్ అని పూర్తిగా రాయాలి. నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చేయాలి. నెల కోసం ఇంకో గడి పెట్టా. నెల పేరు, క్యాలెండర్ కలవకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, జావా లాగా. పాత కాగితాలు మొత్తం, 61, మొదటి నుంచి మళ్లీ నడిపా. హిజ్రీవి 23 తప్పు వచ్చి ఉన్నాయి. ఇరవై మూడూ.

కొత్త ప్రింట్ ఇచ్చినప్పుడు చాచా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ టేబుల్ ఆయన వైపు కాదు కదా. తర్వాత షేర్వానీ వేసుకుని, "చల్, తప్పు నువ్వు చేశావు, నువ్వే వచ్చి చెప్పు" అన్నారు.

ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. ఫుప్పీ తలుపు తీసింది. నేను ఫోన్‌లో కోడ్ చూపించి స్టార్ గురించి, చుక్క గురించి చెప్పబోయా. ఆవిడ నా ఫోన్ వైపు చూడనే లేదు. ప్రింట్ తీసుకుని, రజబ్ అని ఉన్న గడి మీద వేలు పెట్టి, గట్టిగా రెండుసార్లు చదివింది. గదుల సంగతి ఇంకా వకీలు దగ్గరే ఉంది. హిబా చెల్లాలంటే స్వాధీనం ఇచ్చారా అని కూడా చూడాలట, అది నా ప్రోగ్రామ్ తేల్చేది కాదు. ఆ రోజు మాత్రం మాకు ఇరానీ చాయ్ పోసి, ఉస్మానియా బిస్కెట్లు పెట్టింది. చాచా రెండు తిన్నారు.